చీకట్లో ఉన్న సర్కారు కాగితాన్ని ఊరికి చేర్చిన మాడపాటి

సర్కారు కాగితం మీద ఏమి రాసివున్నదో తెలియని కూలోడిని మోసం చెయ్యడం ఎంత సులువో దొరలకు బాగా తెలుసు. నిజాం రాజ్యంలో ఈ కిటుకును ముందుగా పట్టుకున్న వాళ్లల్లో మాడపాటి హనుమంతరావు పంతులు గారు ఒకరు.

ఆయన 1885 జనవరి 22న పుట్టారు. ఉర్దూ, పారశీకం బాగా చదివారు. హనుమకొండలో నౌకరీ చేసి, హైదరాబాదుకు వచ్చి సర్కారు కచేరీలో అనువాదకుడిగా ఉండి, తర్వాత వకీలు అయ్యారు. కాబట్టి సర్కారు కాగితాల లోగుట్టు ఆయనకు తెలుసు.

ఆనాడు కచేరీ భాష ఉర్దూ. పొలం దున్నే జనం భాష తెలుగు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనిలో జరిగిన సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాన్ని నడిపించిన పెద్ద హనుమంతరావు గారే.

ఊర్లల్లో అప్పుడు వెట్టి రాజ్యమేలుతున్నది. అధికారి వస్తే మాల మాదిగలు మూటలు మొయ్యాలె, కుమ్మరి కుండలియ్యాలె, చాకలి బట్టలుతకాలె. కూలి అడిగితే దెబ్బలు. మన మేడ్చల్ ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో ఎక్కువ భూములు నిజాం సొంత ఖజానావి, సర్ఫేఖాస్‌వి. అక్కడ రైతు గోడు వినేవాడెవడు?

అయితే చేయించుకున్న పనికి కూలి, తీసుకున్న సరుకుకు ధర ఇయ్యాలని సర్కారు ఉత్తర్వులు లేకపోలేదు. అవి ఉర్దూలో, కచేరీ బీరువాల్లో పడివున్నాయి. అమలు చేయాల్సిన అధికారే వెట్టి చేయించుకునేవాడు! సంఘం వెట్టి మీద, వ్యాపారుల హక్కుల మీద చిన్న పుస్తకాలు తెలుగులో అచ్చు వేయించి ఊర్లకు పంపింది. దొర నోటిమాట చట్టం కాదని చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చెప్పారు.

1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1935లో సిరిసిల్ల సభకు హనుమంతరావు గారే అధ్యక్షులు. 1951లో ఆయన హైదరాబాదు మేయరు అయ్యారు. 1970లో కన్నుమూశారు.

ఆయన దారి అర్జీలు, తీర్మానాల దారి. భూమి ఎవరిదని ఆయన గట్టిగా అడగలేదు. కాగితం తెలిసినంత మాత్రాన వెట్టి పోలేదు. 1944 భువనగిరి సభతో మహాసభ రావి నారాయణరెడ్డి వంటి వాళ్ల చేతికి వచ్చింది. గుడిసె గుడిసెకూ సంఘం పోయింది, జనం లేచారు, అప్పుడే గడీలు వణికాయి. కానీ ఆ జనానికి వెట్టి అన్యాయమే కాదు, సర్కారు లెక్క ప్రకారం కూడా తప్పు అని మొదట చెప్పింది ఆ చిన్న పుస్తకాలే. రెంటినీ విడదీసి చూడరాదు.

ఇవాళ తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ కంపెనీల గోడలు లేచాయి. నిన్నటి చేన్లు నేడు ప్రహరీలు. భూమి ఏ సర్వే నంబరులో ఎవరి పేరున ఉన్నది, పంచాయతీకి వచ్చిన పైసలు ఎటు పోయినయి, ఉపాధి పనుల మస్టర్ల మీద ఎవరి పేర్లు రాసిండ్రు? ఈ కాగితాలు అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మనకిచ్చింది. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అసలే లేదు. జవాబుకు గడువు 30 రోజులు.

కాకపోతే ఒంటరిగా అడిగే కూలి మనిషిని భయపెట్టడం తేలిక. పదిమంది కలిసి సంతకాలు పెట్టండి, రసీదు తీసుకోండి, వచ్చిన జవాబును చావడి దగ్గర తెలుగులో అందరూ వినేటట్టు చదవండి. తప్పు తేలితే గ్రామసభలో నిలదీయండి. కాగితం చదివే కళ్లకు పిడికిళ్లు తోడైననాడే సర్కారు లెక్క జనం లెక్క అవుతుంది.