గుంటూరు కుగ్లరు దొరసానిగారు



నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఒక్కడే ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు జనులకు న్యాయము తీర్చుచుండగా, మామయైన యిత్రో వచ్చి చూచి, ఆ పద్ధతి మంచిది కాదని చెప్పిన సంగతి మనమందరము ఎరిగినదే. చిన్న సంగతులు నమ్మకస్థుల చేతికి అప్పగింపబడెను. కఠినమైనవి మోషేయొద్దకే వచ్చెను. ఈ భాగమును మనము సంఘపెద్దల యేర్పాటునాడు చదువుచుందుము గాని, ఆసుపత్రి వార్డులో పనిచేయువారికి ఇంతకంటె దగ్గరి అధ్యాయము మరియొకటి లేదని మా తలంపు.

ఇప్పుడీ మాట ఎందుకనగా, బెలుం గుహల చుట్టుపట్ల పల్లెలనుండియు, నంద్యాల ఆళ్లగడ్డ ప్రాంతములనుండియు మన ఆడపిల్లలు నర్సుపని నేర్చుకొనుటకు వెళ్లుచున్నారు. వారి తలిదండ్రులు మమ్మును అడుగు ప్రశ్న యొకటి కలదు. రాత్రి డ్యూటీలో డాక్టరు లేని వేళ రోగికి కీడు జరిగినయెడల ఆ తప్పు ఎవరి మీదికి వచ్చును, పిల్ల మీదికా డాక్టరు మీదికా అని. అందుచేత ఈ నెల, మన తెలుగు దేశమున నర్సులను చేతిక్రింద పెట్టుకొని ఆసుపత్రి నడిపిన డాక్టరు అన్నా సారా కుగ్లరుగారి జీవితమును వ్రాయుచున్నాము.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున పుట్టెను. 1879లో ఫిలడెల్ఫియా స్త్రీల వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొని, కొంతకాలము మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగమున పనిచేసెను. అప్పుడు గుంటూరు మిషనెరీ యొకరు వ్రాసిన ఉత్తరము ఆమెకు చేరెను. ఇక్కడ ఘోషా స్త్రీలు మగ వైద్యునికి నాడి చూపక, కాన్పులలో మంత్రసానిని తప్ప ఎరుగక చనిపోవుచున్న రోజులవి. ఆమె లూథరన్ స్త్రీల సమాజమునకు దరఖాస్తు పెట్టుకొనగా, వైద్యపని మొదలుపెట్టుటకు తాము ఇంకను సిద్ధముగా లేమనియు, ఉపాధ్యాయురాలిగా వెళ్లవచ్చుననియు జవాబు వచ్చెను. ఆమె ఒప్పుకొని 1883 నవంబరు నెలాఖరున గుంటూరు చేరెను.

తరువాతి రెండేండ్లు మేము ముఖ్యముగా గమనింపదగినవి. ఆమెకు అప్పగింపబడినది ఆడపిల్లల బడులు, ఇండ్లలోని స్త్రీలకు చదువు చెప్పుట. ఆ పని ఆమె విడువలేదు. అయితే వైద్యురాలు వచ్చినదని విని రోగులు గుమ్మము ముందు నిలుచుండిరి. మొదటి సంవత్సరములోనే వందలకొలది స్త్రీలకు, పిల్లలకు మందిచ్చెను. కొన్ని ఇండ్లవారు ఆమెను మైలగా ఎంచినను వెళ్లుట మానలేదు. సమాజమువారు 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి. ఆమె పై అధికారులను ధిక్కరించి గెలిచెనని కొందరు పొగడుదురు. మాకట్లు తోచదు. ఇచ్చిన పని చేసి, చేతనున్న విద్యను దాచక, తగిన అధికారము వచ్చువరకు అడుగుచునే యుండెను. ఇది ధిక్కారముకంటె కష్టమైనది.

కొన్ని యేండ్లు ఆమె యొక్కతెయే డాక్టరు. 1889లో సెలవు మీద అమెరికా పోయినప్పుడు ఊరకుండక, ఆసుపత్రి కొరకు చందాలు కూర్చెను. ఒక్క మనిషి మీద నిలిచిన వైద్యము ఆ మనిషి ఓడ యెక్కగానే ఏమగునో చెప్పనక్కరలేదు. 1893లో డిస్పెన్సరీ కట్టడము తెరవబడెను. 1897 జూన్ 23న ఏబది మంచముల ఆసుపత్రి తెరవబడెను. ఈ మధ్యకాలముననే డాక్టరు మేరీ బేరుగారును, నర్సు కాథరీన్ ఫాస్‌గారును వచ్చి చేరిరి. ఫాస్‌గారి రాకతో మన ఆడపిల్లలకు నర్సు శిక్షణ దొరకెను. కట్టడముకంటె ఈ శిక్షణయే గొప్పదని మేమందుము. ఏబది మంచములను ఇద్దరు డాక్టర్లు రాత్రింబగళ్లు కనిపెట్టలేరు గదా.

ఇట్టి వార్డులో నర్సు మొదట ఎవరియొద్దకు పోవలెను? నలుగురున్నారనుకొనుడి. ఒకడు కడుపునొప్పితో కేకలు వేయుచున్నాడు. ఒక బిడ్డకు జ్వరము. ఒక ముసలాయన దాహమనుచున్నాడు. గంట క్రితము కాన్పయిన తల్లి యేమియు అనక, మొగము పాలిపోయి పండుకొనియున్నది. తెలిసిన నర్సు మొదట ఆ తల్లియొద్దకే పోయి, నాడి చూచి, గుడ్డ తడిసినదేమో చూచును. కాన్పు తరువాత రక్తస్రావము సడిచేయక ప్రాణము తీయును. దాహమునకు నీళ్లు ఆయా ఇయ్యవచ్చును, డాక్టరు నోటికేమియు ఇయ్యవద్దని వ్రాసియుండనియెడల. జ్వరము థర్మామీటరు పెట్టి చూచుట శిక్షణలోని పిల్లకు చెప్పవచ్చును, అయితే ఆ పిల్ల అంకె తెచ్చి నర్సుకు చెప్పవలెను. కేకలు వేయువానిని తరువాత నర్సే చూడవలెను. ఏలయనగా కేక తగ్గినంతమాత్రమున నొప్పి తగ్గెనని కాదు. తల్లికి పోవుచున్న రక్తము మామూలా ఎక్కువా అని తేల్చుట మాత్రము ఆయాకు అప్పగించుటకు వీలులేదు.

మన బెలుం గుహలనే తీసికొనుడి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొరగారు వాటిని గూర్చి వ్రాసిరి. ఇప్పుడు మూడు వేల రెండు వందల మీటర్లకు పైగా కొలతకు వచ్చినవి. అంత చీకటిలోనికి పదిమందిని తీసికొనిపోవువాడు లైటు మరియొకని చేతికి ఇయ్యవచ్చును. బయటికి వచ్చునప్పుడు తలలు లెక్కపెట్టవలసినవాడు తానే.

ఇక చట్టము. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టము వచ్చి, పేరు రిజిస్టరు చేయించుకొను పద్ధతి యేర్పడెను. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము, 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము వచ్చెను. రూకలు తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు తేల్చెను. అజాగ్రత్తవలన ప్రాణము పోయినయెడల, 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కలదు.

కాబట్టి తలిదండ్రుల ప్రశ్నకు జవాబు ఇది. తప్పు ఒక్కరిదే కానక్కరలేదు. నేర్వని పనికి చేయి పెట్టిన నర్సు తన మట్టుకు తాను జవాబు చెప్పవలెను. తగనివానికి పని అప్పగించినవారు అప్పగించినందుకు జవాబు చెప్పవలెను. ఉద్యోగుల అజాగ్రత్తకు ఆసుపత్రియు జవాబుదారి. డాక్టరు చెప్పెనను ఒక్క మాట చాలదు. మందు మోతాదు అనుమానముగా కనబడినయెడల మరల అడుగుట నర్సు ధర్మము. ఫోనులో చెప్పిన ఆర్డరును వెంటనే వ్రాసికొని, తిరిగి చదివి వినిపించి, డాక్టరు రాగానే సంతకము చేయించుకొనవలెను. డాక్టరును ఎన్ని గంటలకు పిలిచెనో అదియు ఛార్టులో వ్రాయవలెను. అమ్మాయిలు ఈ వ్రాతపనిని విసుగుకొందురు. కోర్టులో వారి పక్షమున మాటలాడునది ఆ కాగితమే.

1926లో ఆ చట్టము వచ్చునాటికి కుగ్లరుగారికి డెబ్బది యేండ్లు. ఆమె ఆసుపత్రికి ప్రసూతి పనియు పెరిగెను. ఏలూరు రాజావారైన భుజంగరావు బహద్దరుగారు కృతజ్ఞతతో రోగుల బంధువులకు ఆసుపత్రి ఎదుట సత్రము కట్టించిరి. దొరతనమువారు కైసర్-ఇ-హింద్ పతకమిచ్చిరి. 1928లో ఆసుపత్రి చరిత్రను పుస్తకముగా వెలువరించెను. 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూసెను. నలువదియారేండ్లకు పైబడి ఆమె పనిచేసిన ఆ ఊరిలో, ఆమె నేర్పించిన నర్సులు మరునాడును వార్డులలో డ్యూటీకి దిగవలసియుండెను. తరువాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టిరి.