మన్నులోని బంగారము

1895 జనవరి 12న భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురను సంగ్రహణి పొట్టన పెట్టుకొనెను. మదరాసులో వైద్యము చదివి, 1923లో వారు అమెరికా చేరిరి. లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందము 1945లో కృత్రిమముగా నిర్మించిన ఫోలిక్ ఆమ్లము ఆ సంగ్రహణి చికిత్సకే తోడ్పడెను. సోదరులకు మాత్ర మందలేదు.

పిమ్మట వారి పర్యవేక్షణమున బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టినుండి ఒక సూక్ష్మజీవిని వెలికితీసిరి. బంగారు వన్నెగల ఆ జీవి తయారుచేయు పదార్థమే ఆరియోమైసిన్. పెనిసిలిన్‌కు లొంగని టైఫస్ జ్వరక్రిములును దీనికి లొంగినవి. క్రిమిచేతనే క్రిమిని కొట్టించుట! 1948లో ఆ మందు లోకమునకు వెల్లడియయ్యెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు గతించిరి. 1953లో, మురుగునీటిని శుద్ధిచేయు తావున దొరికిన ఒక బూజునకు శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని వారి పేరిడిరి.