రాజద్రోహి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు

యూనియన్ సంచికకు ఏదైనా రాసిమ్మంటే, బి.యస్సీ. వాడిని కదా, ఏ అణుశక్తి గురించో రాస్తానని మిత్రులు అనుకున్నారు. రసాయనశాస్త్రం ఏడాది పొడవునా రికార్డుల్లో రాస్తూనే ఉన్నాం. ఈసారికి ఒక నేరస్తుడి గురించి రాయాలనిపించింది. ఆషామాషీ నేరస్తుడు కాదు. సెషన్స్ కోర్టూ, దాని మీద మద్రాసు హైకోర్టూ నేరం రుజువైందని తేల్చిన మనిషి. ఆ నేరం జరిగింది కూడా ఎక్కడో కాదు, నేను రోజూ కొండపల్లి నుంచి బస్సెక్కి వచ్చే ఈ బెజవాడలోనే.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. అయినా చదువులో దిట్ట. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1906లో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో ఎం.ఏ. అంటే మాటలు కాదు. సర్కారు కొలువు గుమ్మంలో నిలబడి ఉన్నట్టే లెక్క. ఉపాధ్యాయ శిక్షణ కోసం రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో చేరారు. అక్కడే కథ అడ్డం తిరిగింది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ గారు ఆంధ్రదేశానికి వచ్చి ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. రాజమండ్రి విద్యార్థులు ఊగిపోయారు. వందేమాతరం బాడ్జీలు తగిలించుకుని క్లాసులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దొర ఊరుకోలేదు. నూరు మందికి పైగా విద్యార్థుల మీద చర్య తీసుకున్నాడు. వాళ్లలో ముందు వరుసలో ఉన్నవారు గాడిచర్ల. ఆయన్ని కాలేజీ నుంచి పంపేశారు. ఇక ఎన్నడూ ప్రభుత్వోద్యోగానికి పనికిరాడని తీర్మానించేశారు. ఇరవై నాలుగేళ్లైనా నిండని కుర్రవాడు, చేతిలో ఎం.ఏ. పట్టా, ముందు దారి మూసేశారు. పరీక్షకు హాజరు చాలకపోతేనే ఆఫీసు గది చుట్టూ పది ప్రదక్షిణాలు చేసే మనబోటి వాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సిన సంగతి.

ఆయన మాత్రం కూర్చుని ఏడవలేదు. కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలైన పెద్దలు పెట్టిన విజ్ఞానచంద్రికా మండలి తొలి పుస్తకంగా 1907లోనే ఆయన రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర వెలువడింది. ఆ మరుసటేడు, 1908లో, బెజవాడ వచ్చి స్వరాజ్య అనే వారపత్రిక మొదలుపెట్టారు. ఆ పేరే అప్పట్లో పోలీసులకు చాలు.

1908 మార్చిలో తమిళదేశంలో, తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టిన చిదంబరం పిళ్లె గారిని అరెస్టు చేశారు. తిరునల్వేలిలో జనం తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపితే మనుషులు చనిపోయారు. ఈ వార్త బెజవాడ చేరింది. గాడిచర్ల గారు కలం పట్టుకుని, పరాయి ప్రభుత్వాన్ని క్రూరమైన విదేశీ పులితో పోలుస్తూ తమ పత్రికలో రాసేశారు. మా కొండపల్లి బొమ్మల కాలనీలో తెల్లపొణికి కొయ్యతో పులిని చేస్తే ముచ్చటపడి కొనుక్కుపోతారు. ఈయన అక్షరాలతో పులిని చేస్తే పోలీసులు వచ్చారు!

ఆయన మీద పెట్టిన సెక్షను ఇండియన్ పీనల్ కోడు 124-ఏ. దీన్ని గురించి కొంచెం చెప్పాలి. పీనల్ కోడు 1860 నాటిది. ఈ సెక్షను అందులో 1870లో చేరింది. దీని ప్రకారం ప్రభుత్వం మీద జనానికి ద్వేషమో, ధిక్కారమో, అప్రీతో పుట్టించడం నేరం. దొంగతనం కేసులో సొత్తు పోయిందని చూపించాలి, హత్య కేసులో మనిషి చనిపోయాడని చూపించాలి. అప్రీతిని ఎలా చూపిస్తారు? ఏ త్రాసులో తూస్తారు? లాబరేటరీలో ఒక్క చుక్క తేడా వస్తే లెక్చరర్ గారు మళ్లీ చేయమంటారు. ఇక్కడ జడ్జీగారి మనసుకు అప్రీతి అని తోస్తే అదే కొలత. శిక్ష మాత్రం ద్వీపాంతరం దాకా పోవచ్చు. ద్వీపాంతరం కాకపోతే మూడేళ్ల దాకా ఖైదు. ఈ సెక్షను కిందనే అదే 1908లో తిలక్ మహాశయుడికి ఆరేళ్లు వేసి మాండలే పంపారు. 1922లో గాంధీగారికీ ఆరేళ్లు వేశారు.

గాడిచర్ల గారితోపాటు పత్రిక ప్రచురణకర్త బోడి నారాయణరావు గారి మీదా కేసు నడిపారు. సెషన్స్ కోర్టు గాడిచర్ల గారికి ఆరు నెలలు వేసింది. అది చాలదని సర్కారు హైకోర్టు తలుపు తట్టింది. పైకోర్టుకు వెడితే శిక్ష తగ్గుతుందని మనవాళ్ల నమ్మకం. ఇక్కడ ఆరు నెలలు మూడేళ్లయింది. సరిగ్గా ఆరు రెట్లు. వ్యాసంలో ఒక్క అక్షరం మారలేదు, సాక్ష్యం అదే, సెక్షను అదే. మారిందల్లా దేశంలో గాలి, సర్కారు భయం. అందుకే ఈ కేసులో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మొదటి తీర్పు కాదు, రెండోది.

వేలూరు జైలులో ఆయన్ని గజదొంగలతో, హంతకులతో కలిపి ఉంచారు. రాజకీయ ఖైదీ అనే తేడా అప్పటికి లేదు. ఖైదీలకు ఏ, బీ, సీ తరగతులు వచ్చింది 1930లో. ఎం.ఏ. చదివినా, పత్రిక నడిపినా, జైలు గుడ్డలూ జైలు కూడే. ఆయన లోపల ఉండగానే 1909 శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో పోలీసులు కాల్చారు, ఆ గొడవలో చిన్నపరెడ్డి అనే రైతును ఆ తర్వాత ఉరితీశారు. పత్రిక బతికుంటే దాని మీద ఏం రాసేవారో, ఇంకెన్నేళ్లు పడేవో!

1911లో విడుదలయ్యారు. ఇక కష్టం తీరిందనుకుంటాం. అసలు శిక్ష అప్పుడే మొదలైందేమో అనిపిస్తుంది నాకు. ఆయనకు కూడు పెడితే, గూడు ఇస్తే సర్కారు ఏమంటుందోనని జనం భయపడ్డారు. పలకరించడానికి కూడా వెనకాడారు. కోర్టు వేసిన మూడేళ్లకు చివరి తేదీ ఉంది. ఇరుగుపొరుగు వేసిన శిక్షకు తేదీ ఏది?

ఇది పాతకాలపు పిరికితనమని నవ్వలేను. రెండేళ్ల కిందట మా పొలంలో మోటారు తాలూకు కేబులు ఎవరో కోసుకుపోయారు. నాన్న కంప్లయింటు ఇద్దామని ఒక స్టేషనుకు వెళ్లి మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నారు. సొత్తు పోగొట్టుకున్నది మేము. సాయంత్రానికి ఊళ్లో ప్రశ్న మాత్రం, ఏం చేశాడంట, స్టేషన్లో కూర్చోబెట్టారంట అని! అమ్మ రెండు రోజులు చెరువు గట్టు మీదికి పోలేదు. ఒక్క పూట బల్ల మీద కూర్చుంటేనే ఇంత. మూడేళ్లు ఉండి వచ్చిన మనిషి వీధిలో ఎలా నడిచారో!

నడిచారు. 1914లో మద్రాసులో దినపత్రికైన ఆంధ్రపత్రికలో పనిచేశారు. హోంరూలు ఉద్యమంలో ఊళ్లు తిరిగారు. 1920ల చివర మద్రాసు శాసనమండలిలో సభ్యులయ్యారు. సర్కారు కొలువుకు పనికిరాడన్న మనిషి సర్కారునే ప్రశ్నలడిగే చోట కూర్చున్నారన్నమాట. జనం ఆంధ్రతిలక్ అని పిలుచుకున్నారు. కానీ ఆయన ఎక్కువ కాలం పట్టుకున్నది గ్రంథాలయాలనూ, వయోజన విద్యనూ. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఎన్నో ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. అక్షరం వల్ల జైలుకు వెళ్లిన మనిషి పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించే పనిలో పడ్డారు. ఇది కోపం చల్లారడం అని కొందరంటారు. నేనొప్పుకోను. చదవడం వచ్చినవాడిని ఏ సెక్షను పేరు చెప్పి భయపెట్టినా, ముందు అందులో ఏముందో చూస్తాడు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా 124-ఏ పోలేదు. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, హింసకూ అల్లర్లకూ పురికొల్పితేనే అది నేరమని హద్దు గీసింది. ఆ హద్దు 1908లో ఉంటే గాడిచర్ల గారు పులి అన్నందుకు మూడేళ్లు పడేవి కావనే నా నమ్మకం. 2022 మే 11న అదే కోర్టు ఈ సెక్షనును పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి పీనల్ కోడే పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రాజద్రోహమనే మాట లేదు. దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు భంగం అనే 152వ సెక్షను ఉంది. యావజ్జీవమో, ఏడేళ్ల దాకానో శిక్ష. మూడు ఎక్కడ, ఏడు ఎక్కడ! ప్రభుత్వ చర్యలను మార్చాలని చట్టబద్ధంగా విమర్శిస్తే నేరం కాదని వివరణ ఉందిలెండి. పాత సెక్షనులోనూ అలాంటి వివరణ ఉండేది, గాడిచర్ల గారి కేసు నాటికి కూడా.

హరిసర్వోత్తమరావు గారు 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. ఆ తేదీ నాలుగేళ్లకు ఒకసారే వస్తుంది. మళ్లీ 2028లో వస్తుంది. అప్పటికి మేమీ కాలేజీలో ఉండం. యూనియన్‌లో ఎవరుంటే వాళ్లు, ఆ రోజు లైబ్రరీలో ఒక మీటింగు పెట్టండి.