పి.వి.నరసింహారావు - ఎన్నికల ప్రస్థానం

పాములపర్తి వెంకట నరసింహారావు (1921 జూన్ 28 - 2004 డిసెంబరు 23) భారతదేశ ప్రధానమంత్రి పదవిని అధిష్టించిన తొలి తెలుగువాడు. మంథని నియోజకవర్గం నుండి వరుసగా నాలుగుసార్లు శాసనసభకు ఎన్నికయ్యాడు. గోదావరి ఒడ్డునున్న మంథని ప్రస్తుతం పెద్దపల్లి జిల్లాలో, రామగుండం - గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతానికి సమీపంలో ఉంది.

తొలి జీవితం

వరంగల్ జిల్లా లక్నేపల్లిలో జన్మించి, కరీంనగర్ జిల్లా వంగరకు దత్తత వెళ్ళాడు. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి బహిష్కరించబడ్డాడు. స్వామి రామానంద తీర్థ అనుచరుడిగా హైదరాబాదు సంస్థాన విముక్తి పోరాటంలో పనిచేసాడు.

మంథని శాసనసభ్యుడు

1952లో లోక్‌సభకు పోటీచేసి కమ్యూనిస్టు నాయకుడు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయాడు. 1957లో మంథని నుండి గెలిచి, 1962, 1967, 1972 ఎన్నికలలోనూ ఆ స్థానాన్ని నిలుపుకున్నాడు. ఈ కాలంలో న్యాయ, వైద్య, విద్యా శాఖల మంత్రిగా పనిచేసాడు.

ముఖ్యమంత్రి

1971 సెప్టెంబరు 30న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. 1972లో భూ పరిమితి చట్టానికి పూనుకోవడంతో సొంత పార్టీలోని భూస్వామ్య వర్గాలే ఆయనకు వ్యతిరేకమయ్యాయి. తానూ భూస్వామే అయినా తన భూమిలో ఎక్కువ భాగాన్ని వదులుకున్నాడు. ముల్కీ నిబంధనలను సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో పదవి కోల్పోయాడు; రాష్ట్రపతి పాలన వచ్చింది.

లోక్‌సభ ఎన్నికలు

1977, 1980లలో హనుమకొండ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1984లో హనుమకొండతో పాటు మహారాష్ట్రలోని రాంటెక్ నుండి కూడా పోటీచేసాడు. దేశమంతటా కాంగ్రెసు ప్రభంజనం వీచినా, తెలుగుదేశం బలంగా ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో ఆ ప్రభావం కనిపించలేదు. హనుమకొండలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయాడు. ఆ ఎన్నికలలో ఆ పార్టీకి దేశంలో దక్కిన రెండు స్థానాలలో ఇది ఒకటి. రాంటెక్‌లో గెలిచిన పి.వి., 1989లో అక్కడి నుండే మళ్ళీ ఎన్నికయ్యాడు.

1991లో సాధారణ ఎన్నికలలో పోటీచేయకుండానే, జూన్ 21న ప్రధాని అయ్యాడు. అదే సంవత్సరం నంద్యాల ఉప ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు, పి.వి. 5 లక్షలకు పైగా ఆధిక్యతతో గెలిచాడు. 1996లో నంద్యాల, ఒరిస్సాలోని బరంపురం రెండింటా గెలిచి, నంద్యాలను వదులుకున్నాడు. కాంగ్రెసు మాత్రం అధికారాన్ని కోల్పోయింది.

మరణం

2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణించాడు. 2024లో భారత ప్రభుత్వం మరణానంతరం భారతరత్న పురస్కారాన్ని ప్రకటించింది.