అల్ బెరూనీ: నిష్పత్తి నెరిగిన మహామేధావి

మూడు సంఖ్యలు తెలిసినప్పుడు నాలుగవ సంఖ్యను కనుగొనే లెక్కను మన పెద్దలు తెలుగులో త్రైరాశికమన్నారు. అదే లెక్కకు ఉర్దూలో అర్బా ముతనాసిబా అని పేరు. మొదటి పేరులో మూడు ఉన్నది, రెండవ పేరులో నాలుగు ఉన్నది. తెలిసిన రాశులను లెక్కించిన వారు మూడన్నారు. తెలియని దానిని కూడా కలుపుకొన్న వారు నాలుగన్నారు. లెక్క మాత్రం ఒక్కటే. ఈ రెండు సంప్రదాయాలనూ తరచి చూచి, భారతీయుల త్రైరాశికంపై అరబీ భాషలో ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించిన మహనీయుడు అబూ రైహాన్ అల్ బెరూనీ. ఆ గ్రంథం పేరు రాషికాతుల్ హింద్. సంస్కృతంలోని రాశిక శబ్దమే అరబీ వేషం ధరించి ఆ పేరులో నిలిచింది. పోటీ పరీక్షల కోసం నిష్పత్తి, అనుపాతముల లెక్కలు అభ్యసించే విద్యార్థులకు ఆయన జీవితం అనేక విధాల మార్గదర్శకం.

అల్ బెరూనీ క్రీ.శ. 973వ సంవత్సరం సెప్టెంబరు మాసంలో ఖ్వారజ్మ్ దేశపు రాజధానియైన కాథ్ నగర శివారులో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉన్నది. ఫార్సీలో బీరూన్ అనగా వెలుపల అని అర్థం. నగరం వెలుపల పుట్టినవాడు గనుక బెరూనీ అయినాడు. ఆయన గురువు అబూ నస్ర్ మన్సూర్ రాజవంశీయుడు, గణితంలో గొప్ప పండితుడు. గురువు చలువ వల్ల బాల్యంలోనే రేఖాగణితము, ఖగోళము ఆయనకు కరతలామలకములైనవి.

కాని ఆ ప్రశాంతత ఎంతోకాలం నిలువలేదు. 995లో పొరుగున ఉన్న గుర్‌గాంజ్ పాలకులు కాథ్‌పై దండెత్తి, గురువు వంశాన్ని పదవీచ్యుతం చేశారు. ఇరవై రెండేండ్ల యువకుడు స్వదేశం విడిచి పారిపోవలసి వచ్చింది. రయ్ నగరంలో ఆయన దారిద్ర్యం అనుభవించాడు. అక్కడ ఒక జ్యోతిశ్శాస్త్రవేత్త, బెరూనీ చెప్పిన శాస్త్ర విషయాన్ని, చెప్పినవాడు పేదవాడన్న కారణంతో పరిహసించాడట. తరువాత బెరూనీ స్థితి మెరుగుపడగానే ఆ పెద్దమనిషే స్నేహం చేశాడట. మనిషి విద్యను అతని ధనంతో కొలిచేవారు ఆనాడూ ఉన్నారు. ఏ వస్తువును దేనితో కొలవాలో తెలియకపోవడం వారి లోపం. ఆ లోపం తనలో లేకుండా చూచుకోవడమే బెరూనీ జీవితకాల సాధన అయింది.

ఆ కష్టకాలంలోనే ఆయన ఒక అద్భుతమైన ప్రయోగం చేశాడు. 997 మే 24వ తేదీన చంద్రగ్రహణం సంభవించింది. ఆ సమయానికి కాథ్‌కు చేరుకొన్న బెరూనీ, బాగ్దాదులోని ప్రసిద్ధ గణితవేత్త అబుల్ వఫాతో ముందే ఏర్పాటు చేసుకొన్నాడు. ఇద్దరూ తమ తమ నగరాలలో గ్రహణ సమయాన్ని గుర్తించారు. గ్రహణం లోకమంతటికీ ఒకే క్షణంలో పడుతుంది. స్థానిక కాలమే ఊరూరికీ మారుతుంది. భూగోళం చుట్టూ 360 భాగలకు 24 గంటలు గనుక, ఒక గంట తేడాకు 15 భాగల దూరం. కాథ్, బాగ్దాదుల నడుమ తేడా సుమారు ఒక గంట. ఈ విధంగా వందలాది క్రోసుల ఎడమున్న రెండు నగరాల రేఖాంశ భేదం ఒక చిన్న త్రైరాశికంతో తేలిపోయింది. లెక్క చిన్నదే. కాలాన్నీ దూరాన్నీ కలిపే సంబంధాన్ని గుర్తించిన బుద్ధి గొప్పది.

తరువాత ఆయన జుర్జాన్ పాలకుడైన ఖాబూస్ ఆశ్రయంలో 1000వ సంవత్సర ప్రాంతంలో వివిధ జాతుల పంచాంగాలను, శకాలను, పండుగలను వివరించే మహాగ్రంథాన్ని రచించాడు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదికి లోపే. పిదప కొన్ని సంవత్సరాలు స్వదేశంలో రాజగౌరవం పొందాడు. 1017లో గజనీ సుల్తాను మహమూదు ఖ్వారజ్మ్‌ను జయించి, అక్కడి పండితులతోపాటు బెరూనీని కూడా గజనీకి తరలించాడు. పోయినవాడు అతిథియా, బందీయా అని చెప్పడం కష్టం. మరుసటి సంవత్సరం కాబూలు సమీపంలోని ఒక గ్రామంలో ఆయన చేతిలో పరికరమేదీ లేదు. లెక్కలు వేసుకొనే పలక వెనుకవైపున భాగలు గుర్తించిన వృత్తఖండాన్ని గీసి, దానికి లంబసూత్రం వ్రేలాడదీసి, సూర్యుని ఎత్తును కొలిచాడు. వసతులు లేవని చదువు మానుకొనే వారికి ఈ పలక ఒక జవాబు.

అనంతరం బెరూనీ పంజాబు ప్రాంతానికి వచ్చాడు. నేటి పాకిస్తాన్‌లోని నందన దుర్గం వద్ద ఒక కొండ ఎక్కి భూమి పరిమాణాన్ని లెక్కించాడు. మొదట కొండ ఎత్తును సాధించగా 652 మూరల పైచిలుకు వచ్చింది. పిదప శిఖరం నుండి క్షితిజ రేఖ ఎంత క్రిందికి వాలి కనిపిస్తున్నదో చూడగా 34 కళలు, అనగా ఒక భాగలో సగానికి కొంచెం ఎక్కువ. భూవ్యాసార్ధానికీ, దానికి కొండ ఎత్తు కలిపిన మొత్తానికీ గల నిష్పత్తి ఆ కోణం వల్ల తెలుస్తుంది. కొండ ఎత్తు తెలిసినదే గనుక మిగిలిన రాశి బయటపడింది. ఆయనకు వచ్చిన వ్యాసార్ధం సుమారు ఒక కోటి 28 లక్షల మూరలు. భూమి చుట్టూ నడవనక్కరలేకుండా ఒక్క కొండ మీద నిలిచి ఇంత సాధించాడు.

భారతదేశంలో ఆయన దృష్టి మరొక మార్గం పట్టింది. నలభై ఏండ్లు దాటిన వయస్సులో సంస్కృతం నేర్చుకొన్నాడు. పండితులను వెదకి, గ్రంథాలు సేకరించి, పతంజలి యోగశాస్త్రాన్ని అరబీలోనికి తెచ్చాడు. 1030 ప్రాంతంలో పూర్తయిన కితాబుల్ హింద్‌లో ఈ దేశపు మతములు, శాస్త్రములు, ఆచారములు వివరించాడు. తన ప్రభువు దండయాత్రల వలన ఇక్కడి సంపద నాశనమైనదనీ, పరాయివారిపై ప్రజలకు విముఖత పెరిగినదనీ దాచకుండా వ్రాశాడు. హిందూ పండితులలో తనకు కనిపించిన లోపాలను కూడా అంతే నిర్మొహమాటంగా వ్రాశాడు. తన పక్షానికొక తూకము, ఎదుటి పక్షానికొక తూకము ఆయన ఉంచుకొనలేదు.

ఆ అధ్యయన ఫలమే రాషికాతుల్ హింద్. ఆర్యభటుడు 499లోనే త్రైరాశిక సూత్రం చెప్పియున్నాడు. తెలిసిన పరిమాణం ప్రమాణము, దానికి లభించేది ఫలము, మనం అడిగేది ఇచ్ఛ. ఇచ్ఛను ఫలముతో గుణించి ప్రమాణముతో భాగిస్తే ఇచ్ఛాఫలం వస్తుంది. బెరూనీ ఈ పద్ధతిని నిష్పత్తి సిద్ధాంతంతో ముడిపెట్టి, విలోమ త్రైరాశికాన్ని, పంచరాశిక సప్తరాశికాది పెద్ద రాశికాలను వివరించాడు.

ఇక్కడే విద్యార్థులు ఒక క్షణం ఆగాలి. పన్నెండుమంది పనివారు ఒక పనిని 15 దినాలలో ముగిస్తే, ఇరవైమంది ఎన్ని దినాలలో ముగిస్తారు? తొందరపడి సూత్రం ప్రయోగించినవాడు 25 అంటాడు. మనుషులు పెరిగితే దినాలు పెరుగుతాయా అని తనను తాను ప్రశ్నించుకొన్నవాడు, మొత్తం 180 దినాల కూలిపని అని గ్రహించి, ఇరవైతో భాగించి 9 అంటాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున 750 రూపాయలకు 8 నెలలకు ఎంత అన్నది పంచరాశికం. అసలు పెరిగినా వడ్డీ పెరుగుతుంది, కాలం పెరిగినా వడ్డీ పెరుగుతుంది. కనుక రెండును 750తోను 8తోను గుణించి 100తో భాగించగా 120 రూపాయలు. సూత్రం కంటె ముందు సంబంధాన్ని చూడాలి. ఒకటి పెరిగినప్పుడు రెండవది పెరుగునా తరుగునా అన్న ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే కలం కదపాలి.

లోహాలను, రత్నాలను తూచుటలోను ఆయన ఈ మార్గాన్నే అనుసరించాడు. కొమ్ము గల శంఖాకారపు పాత్రను నీటితో నింపి, అందులో లోహపు ముక్కను వేసి, పొర్లిన నీటిని తూచేవాడు. బంగారాన్ని నూరుగా నిలిపి, అంతే పరిమాణం గల ఇతర లోహాల బరువు ఎంతో పట్టిక వేశాడు. నేటి లెక్క ప్రకారం నూరు తులాల బంగారం ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత చోటుకు వెండి సుమారు 54 తులాలు తూగుతుంది. ఇప్పుడు అంతే పరిమాణం గల ఒక ఆభరణం 77 తులాలు తూగినదనుకొందాము. నూరుకూ 77కూ తేడా 23, 77కూ 54కూ తేడా 23. కనుక చోటులో సగం బంగారం, సగం వెండి. అయితే బరువులో అవి సమానం కావు. బంగారం 50 తులాలు, వెండి 27 తులాలు. మిశ్రమాల లెక్కలో నిష్పత్తి దేనికి అడిగినారో చదువకుండా జవాబు గుర్తించేవారు తరచుగా మోసపోయేది ఈ చోటనే.

1030లో మహమూదు మరణించిన పిదప కుమారుడు మసూదు ఆయనను ఆదరించాడు. బెరూనీ తన ఖగోళ మహాగ్రంథాన్ని ఆ సుల్తాను పేరిట అల్ ఖానూనుల్ మసూదీ అని రచించాడు. అందుకు బహుమానంగా ఏనుగు మోయగల వెండిని పంపగా, తనకు అవసరం లేదని తిప్పి పంపినాడని ఒక కథనం ఉన్నది. ఆయన రచనలు నూటికి పైబడినవి. అందులో అధికభాగం కాలగర్భంలో కలిసిపోయినవి.

మిగిలిన వాటిని కాపాడటంలో మన హైదరాబాదుకు గొప్ప పాత్ర ఉన్నది. 1888లో ఇక్కడ స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అరబీ ప్రాచీన గ్రంథాలను పరిష్కరించి ముద్రించింది. 1948లో అది వెలువరించిన బెరూనీ లఘుగ్రంథాల సంపుటంలో రాషికాతుల్ హింద్ ఉన్నది. 1954 నుండి 1956 వరకు అల్ ఖానూనుల్ మసూదీ మూడు సంపుటాలుగా ఇక్కడనే అచ్చయింది. భారతదేశంలో పుట్టిన త్రైరాశికం అరబీ భాషలోనికి వెళ్లి, తొమ్మిది వందల ఏండ్ల తరువాత హైదరాబాదు ముద్రణాలయంలో అచ్చయింది. తెలుగు, ఉర్దూ రెండింటినీ చదివే మనకు ఇది గర్వకారణం. అంతకు మించి బాధ్యత కూడా.

ఆయన 1048 ప్రాంతంలో గజనీలో కన్నుమూశాడు. ఆ చివరి ఘడియల గురించి ఒక ప్రసిద్ధ కథనం ఉన్నది. మంచాన పడియున్న ఆయనను చూడడానికి ఒక ధర్మశాస్త్ర పండితుడు వచ్చాడు. ఊపిరి ఆడని స్థితిలో బెరూనీ ఆయనను వారసత్వ భాగాలలో ఒక చిక్కు ప్రశ్న అడిగాడు. ఈ స్థితిలో ఈ ప్రశ్న ఎందుకని ఆ పండితుడు జాలిపడగా, తెలియకుండా లోకం విడుచుట కంటె తెలిసి విడుచుట మేలు కదా అన్న భావం వెలిబుచ్చాడట. పండితుడు వివరించాడు, బెరూనీ దానిని తిరిగి అప్పగించాడు. బయటికి వచ్చి వీధిలో ఉండగానే ఇంటిలో నుండి ఏడ్పులు వినిపించినవట.

ఆఖరి ప్రశ్న కూడా భాగాల లెక్కయే. మృతునికి భార్య, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారనుకొందాము. షరీయత్ ప్రకారం భార్యకు ఎనిమిదవ వంతు, మిగిలినది కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. ఆస్తిని 24 భాగాలు చేస్తే భార్యకు 3, కుమారునికి 14, కుమార్తెకు 7. రెండు లక్షల 40 వేల రూపాయల ఆస్తిలో వరుసగా 30 వేలు, లక్షా 40 వేలు, 70 వేలు. అయితే మృతుని అప్పులు, వీలునామా మినహాయించిన తరువాతనే ఈ పంపకం. ఆ మాట విస్మరించినవాడు హెచ్చవేతలన్నీ సరిగా చేసినా లెక్క తప్పుతుంది. పరీక్షలో తప్పితే ఒక మార్కు పోతుంది. నిజ జీవితంలో తప్పితే అప్పిచ్చినవాడికో ఒక వితంతువుకో ఒక ఆడపిల్లకో అన్యాయం జరుగుతుంది.

పోటీ పరీక్షలలో నేడు ఒక్కొక్క ప్రశ్నకు లభించే కాలం బహు స్వల్పం. అందుచేత చాలామంది విద్యార్థులు క్లుప్తమార్గాలు కంఠస్థం చేస్తారు. వాటిని నేర్చుకొనడం తప్పు కాదు. కాని దేనిని దేనితో పోల్చుతున్నాము, అవి ఒకే దిశలో మారుతున్నవా, పంచవలసిన మొత్తం ఏది అన్న మూడు ప్రశ్నలు వేసుకొనకుండా ఏ సూత్రమూ రక్షించదు. ఆ అలవాటు అబ్బిన విద్యార్థికి పరీక్షాఫలం ఎట్లున్నా విద్యాఫలం దక్కుతుంది. పలక వెనుక గీసిన గీతతో సూర్యుని కొలిచిన ఆ మహనీయుని స్మృతికి మనం అర్పించగల నివాళి అదే.