కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

ఈ నెల గోడపత్రిక కోసం ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమని తెలుగు సార్ చెప్పారు. గాంధీజీ, అంబేద్కర్, కొమురం భీం గురించి చాలామంది రాస్తరని నాకు తెలుసు. నేను మాత్రం కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి రాస్తున్నాను. దానికి ఒక కారణం ఉంది.

నా చిన్నప్పుడు పొయ్యి మీది గంజి ఒలికి, ఎడమ కాలు మోకాలి కింది నుంచి మడమ దాకా కాలింది. ఆ మచ్చ ఇంకా ఉంది. అందుకే ఎంత ఎండ కొట్టినా నేను ప్యాంటే వేసుకుంట. కాళేశ్వరం పోయినప్పుడు మీరంతా గోదావరిలో మునుగుతుంటే, జలుబు చేసిందని అబద్ధం చెప్పి మెట్ల మీద కూసున్న. మీలో ఎవ్వరూ నన్ను వెక్కిరించలేదు. నాకు నేనే సిగ్గుపడ్డ.

ఒకరోజు లైబ్రరీలో పాత పుస్తకం తిరగేస్తుంటే రామ్మూర్తి గారి ఫొటో కనబడ్డది. ఆ ఛాతీ, ఆ భుజాలు చూసి కండ్లు తిప్పుకోలేకపోయిన. ఇట్లాంటి ఒళ్లు నాకెందుకు లేదు అనుకున్న. నిజం చెప్పాలంటే ఆ కుళ్లుతోనే చదవడం మొదలుపెట్టిన.

రామ్మూర్తి గారు ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో 1880లలో జన్మించారు. పసితనంలోనే తల్లి చనిపోయింది. తండ్రి వెంకన్న నాయుడు ఆయనను విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపించారు. మనలాగే ఆయన కూడా అమ్మానాన్నలకు దూరంగా పెరిగారన్నమాట. అక్కడ వ్యాయామశాలలో చేరి కుస్తీ నేర్చుకున్నారు. తర్వాత మద్రాసులోని సైదాపేటలో శిక్షణ పొంది, విజయనగరం హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. అంటే మన పీఈటీ సార్ ఉద్యోగమే.

ఆ పైన సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవారు. రెండు కార్లకు కట్టిన గొలుసులను రెండు చేతులతో పట్టుకుంటే కార్లు కదిలేవి కావు. ఛాతీ మీద చెక్క పరిపించుకొని దానిపైకి ఏనుగును ఎక్కించుకునేవారు. చెక్క ఉంటే బరువు ఒక్కచోటనే పడకుండా అంతటా పంచుకుంటుంది. సైన్సులో మనం చదివిన పీడనం పాఠం ఇదే. అయినా ఏనుగు ఏనుగే కదా! తమ్ముళ్లూ, మీరెవ్వరూ ఇవి చేసి చూడొద్దు. ఆయన లండన్ వెళ్లి ఐదో జార్జి చక్రవర్తి ముందు కూడా ప్రదర్శన ఇచ్చారు. ఇండియన్ హెర్క్యులెస్ అని అక్కడ బిరుదు వచ్చింది. మనవాళ్లు కలియుగ భీముడు అన్నారు.

ఇంత బలవంతుడు ఏం తిన్నడో అనుకుంటరు. ఆయన శాకాహారి! రోజూ వ్యాయామం, ప్రాణాయామం తప్పేవి కావు. ఇది చదివినప్పటి నుంచి హాస్టల్ పప్పును నేను తిట్టుడు బంద్ చేసిన.

కాని నన్ను ఆపేసింది చివరి పేజీ. ఆయన కాలికి పుండు లేచింది. అది మానలేదు. చివరికి కాలు తీసేయవలసి వచ్చింది. మత్తు తీసుకోకుండా ప్రాణాయామంతోనే ఆ నొప్పి ఓర్చుకున్నారని జనం చెప్పుకుంటారు. ఒడిశాలోని బలంగీర్‌లో 1942 జనవరిలో ఆయన కన్నుమూశారు.

ఆ పేజీ దగ్గర చానాసేపు కూసున్న. ఏనుగును మోసిన మనిషి కాలే పోయింది. కండలు ఎవరికీ ఎప్పటికీ ఉండవు. మరి కాలు పోయిన రోజు ఆయన తక్కువ మనిషి అయిండా? కాలేదు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. అట్లయితే మచ్చ ఉన్నందుకు నేనెందుకు తక్కువ?

నా కాలు నాకు ఏం తక్కువ చేసింది? కాలిన చోట కొత్త తోలు అదే పుట్టించుకుంది. రోజూ పొద్దున గ్రౌండు చుట్టూ నన్ను ఉరికిస్తుంది. ఇంత చేసిన కాలును ఇన్నేండ్లు దొంగలెక్క దాచిపెట్టిన.

మిత్రులారా, మనలో నల్లగ ఉన్నమని ముఖానికి పౌడరు పూసుకునేటోళ్లు ఉన్నరు. పొట్టిగ ఉన్నమని వెనక నిలబడేటోళ్లు, బక్కగ ఉన్నమని అంగీ విప్పనోళ్లు ఉన్నరు. శరీరాన్ని ప్రేమించడమంటే అద్దంలో చూసుకొని మురవడం కాదు. కడుపునిండా తినడం, ఆడటం, వేళకు నిద్రపోవడం, దెబ్బ తగిలితే దాచకుండా చెప్పడం. రామ్మూర్తి గారి బలం అందరికీ రాదు. కాని ఆయన తన ఒంటిని రోజూ చూసుకున్నట్టు మన ఒంటిని మనం చూసుకోవచ్చు.

పోయిన ఆదివారం నేను నిక్కరు వేసుకొని కబడ్డీకి దిగిన. ఒక దోస్తు కాలు చూసి ఏమైందని అడిగిండు. గంజి పడ్డదని చెప్పిన. అంతే, ఆట మొదలైంది. మా జట్టు ఓడిపోయింది, అది వేరే సంగతి.

వార్డెన్ సార్‌కు చిన్న విన్నపం. ఈసారి మమ్మల్ని కాళేశ్వరం తీసుకపోతే నేను కూడా నీళ్లలో దిగుత సార్.