గ్రేస్ హాపర్

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే హాపర్ (డిసెంబర్ 9, 1906 - జనవరి 1, 1992) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గణిత, కంప్యూటర్ శాస్త్రవేత్త, నౌకాదళ అధికారిణి. కోబాల్ భాషకు ఈమె కృషి పునాది అయినది. ఆ భాష వేర్వేరు కంప్యూటర్లపై ఒకే తీరున నడవడానికి కంపైలర్లకు పరీక్షలు ఏర్పరచినది కూడా ఈమెయే. ఈ రెండవ పని అంతగా ప్రచారం పొందలేదు.

తొలి జీవితము

ఈమె న్యూయార్క్ నగరంలో జన్మించినది. 1928లో వాసర్ కళాశాల పట్టా, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొందినది. 1931 నుండి వాసర్‌లోనే గణితం బోధించినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, ఉండవలసిన బరువు లేకపోయినా ప్రత్యేక అనుమతితో 1943లో నౌకాదళ రిజర్వులో చేరినది. మరుసటి సంవత్సరం హార్వర్డ్‌లో హోవర్డ్ ఐకెన్ వద్ద మార్క్ 1 యంత్రానికి ప్రోగ్రాములు వ్రాసే పనిలో నియమితురాలైనది. 1947లో మార్క్ 2 యంత్రంలో చిమ్మట దొరికిన కథను ఈమె తరచు చెప్పేది. అయితే యంత్రదోషాన్ని బగ్ అనడం అంతకు ముందునుండే ఇంజనీర్లలో వాడుకలో ఉన్నది.

కంపైలరు, కోబాల్

1949లో ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరి, 1952 నాటికి ఏ-0 అనే తొలి కంపైలరును తయారుచేసినది. ఇప్పటి అర్థంలో అది పూర్తి కంపైలరు కాదు. తరువాత ఆంగ్ల పదాలతో వ్రాయదగిన ఫ్లో-మేటిక్ భాషను రూపొందించినది. 1959లో మొదలైన కోబాల్‌కు అదే ముఖ్యాధారం. 1960 డిసెంబరులో దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రామును ఆర్‌సిఎ, యూనివాక్ యంత్రాలు రెండింటిపై నడిపి చూపారు. 1990 దశకం చివర వై2కె సవరణల కొరకు ఆంధ్రదేశం నుండి అమెరికా వెళ్ళిన యువకులలో అనేకులు నేర్చినది ఈ భాషనే.

కంపైలర్ల పరీక్ష

1966లో నౌకాదళం ఈమెకు పదవీ విరమణ ఇచ్చి, 1967లో ఆరు నెలల పనికని తిరిగి పిలిచినది. స్వల్ప విరామం తప్ప ఆ ఆరు నెలలు 1986 వరకు సాగినవి.

సమస్య చిన్నది కాదు. ప్రతి తయారీదారు తన కంపైలరును కోబాల్ అనే పిలిచేవాడు. కాని కొన్ని వాక్యాలు వదిలేసి, కొన్ని సొంతంగా చేర్చేవాడు. యంత్రం మార్చితే ప్రోగ్రాములు తిరగవ్రాయవలసినదే. కొన్నవాడు అమ్మినవానికి కట్టుబడిపోయేవాడు. ఈమె నాయకత్వంలోని బృందం ప్రమాణంలోని అంశాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ప్రోగ్రాములు వ్రాసినది. ఇవి తరువాత ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఆధ్వర్యంలో కోబాల్ 85 పరీక్షలుగా విస్తరించినవి. వాటిలో రావలసిన ఫలితం ప్రోగ్రాములోనే ఉంటుంది. వచ్చిన ఫలితంతో పోల్చి నెగ్గినదీ తప్పినదీ అదే అచ్చువేస్తుంది. ఫైళ్ళ పేర్లు, యంత్రం పేరు వంటివి మాత్రం ఖాళీలుగా వదిలి, ఏ కంప్యూటరుకు తగినట్లు దానికి పూరిస్తారు. ఈ విభజన లేకుంటే తప్పు కంపైలరుదో, పరీక్షదో తేలదు. ఉదాహరణకు ఆస్కీ వరుసలో అంకెలు అక్షరాలకు ముందు, ఐబిఎం వారి ఎబ్సిడిక్ వరుసలో తరువాత వస్తాయి. కాబట్టి అంకెను అక్షరంతో పోల్చే పరీక్షకు రెండు యంత్రాలు రెండు జవాబులిచ్చినా రెండూ ఒప్పే కావచ్చు. కాలం చెల్లిన వాక్యాలను ప్రోగ్రాము నడవకముందే కంపైలరు పట్టి హెచ్చరిస్తున్నదా అని చూసే పరీక్షలు కూడా ఉన్నవి. గ్నూకోబాల్ నిర్మాతలు నేటికీ ఈ సంపుటినే వాడుతున్నారు.

చివరి రోజులు

1985లో రియర్ అడ్మిరల్ హోదా పొంది, 1986 ఆగస్టు 14న 79వ యేట పదవీ విరమణ చేసినది. తరువాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు సలహాదారుగా ఉన్నది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననం చేయబడినది. 1997లో సేవలో ప్రవేశించిన అమెరికా యుద్ధనౌకకు హాపర్ అని పేరు పెట్టారు. 2016లో మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం ప్రదానం చేశారు.